ఫ్రీ బస్సు వదిలి కాళేశ్వరం దారిన

దారి పొడవునా నన్ను అడిగిన ప్రశ్నలన్నీ మూట కడితే అందులో ముప్పాతిక ఒకటే ప్రశ్న. ఆడవాళ్ళకు బస్సు ఫ్రీ కదా, నువ్వెందుకు నడుస్తున్నావు? చాయ్ పోసేవాడు అడిగాడు, పత్తి ఏరేవాళ్ళు అడిగారు, లారీవాడు లారీ ఆపి మరీ అడిగాడు. మొదటి రోజు మర్యాదగా జవాబు చెప్పాను. రెండో రోజు మొక్కు ఉందని అబద్ధం చెప్పాను. మూడో రోజు నుంచి వినపడనట్టు నడిచాను. మీరూ అదే అడుగుతారు కాబట్టి ముందే చెప్పేస్తాను. తర్వాత నన్ను మధ్యలో ఆపకండి.

మాది గోదావరిఖని. నా భర్త బొగ్గు గనిలో పనిచేసేవాడు. మా దగ్గర గనిని బాయి అంటారు. ఏడాదిన్నర కింద ఆయన పోయింది బాయిలో కాదు, కామెర్లు ముదిరి దవాఖానాలో. అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్ళు, పిల్లలు లేరు. నౌకరీలో ఉండగా పోయినవాడి భార్యకు రెండు దారులు ఉంటాయి. అతని బదులు నౌకరీ చేయవచ్చు. లేదంటే నౌకరీ వద్దని రాసిచ్చి, నెలనెలా ఇంత అని తీసుకుని ఇంట్లో కూర్చోవచ్చు. నాకు నౌకరీ కావాలి. మా మామకు నేను ఇంట్లో కూర్చోవడం కావాలి.

మామ పేరు ఓదెలు. ముప్పై అయిదేళ్ళు బాయి దిగి రిటైరయ్యాడు. చెడ్డమనిషి కాదు. చెడ్డవాడైతే నాకు ఇంత తిప్పలే ఉండేది కాదు, ఎదిరించి పోయేదాన్ని. నా కంచంలో కూర పడిందో లేదో చూసి తాను తినే మనిషితో ఎలా కొట్లాడాలి? ఆ మంగళవారం పొద్దున కొట్లాడాను. సోమవారం మెడికల్ పరీక్ష, ఏ దారి కావాలో ఆ రోజే కాగితం మీద సంతకం పెట్టాలి. మామ చాయ్ గ్లాసు కింద పెట్టి అన్నాడు:

"బాయిల దిగుడంటె బతుకమ్మ ఆడుడు కాదు రజితా. దిగేటప్పుడు మోకాళ్ళు వణుకుతయ్, ఎక్కేటప్పుడు పానం పోతది. నువ్వు చౌరస్తకు పోవాల్నన్నా ఆటో ఎక్కుతవ్."

నడుస్తానన్నాను.

"నడువు. కాళేశ్వరం దాక నడువు, ఒక్కదానివే. నడిచినవంటె నేనే నిన్ను ఆఫీసుకు తోల్కపోత. నడుమల బండెక్కినవంటె నెల పైసలకు సంతకం పెట్టాలె."

కోపంలో అన్న మాట. కాళేశ్వరం ఎంత దూరమో ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు. వంద కిలోమీటర్లకు అటూ ఇటూ అని తర్వాత తెలిసింది. బుధవారం పొద్దున రెండు జతల బట్టలు, ఆధార్ కార్డు, నాలుగు సర్వపిండి ముక్కలు సంచిలో వేసుకుని బయలుదేరాను.

ఎనిమిదో ఇంక్లైన్ దాటేదాకా

నేను ఒంటరిగా నడిచిన దూరం ఎంతో చెప్పమంటే మొదటి గంట లెక్కలోకి రాదు. మా కాలనీ నుంచి ఎనిమిదో ఇంక్లైన్ బాయి కాలనీ దాకా మామకు తెలియని మనిషి లేడు. మొదటి షిఫ్టుకు పోయేవాళ్ళ బండ్లు నా పక్కన ఆగుతూనే ఉన్నాయి. ఓదెలు కాక కోడలివి కదా, ఎక్కు, దింపుతా. వద్దన్నా. ఎందుకు వద్దు? నడుస్తా. ఎందుకు నడుస్తావు? ఒకాయన నా పక్కనే బండిని నెమ్మదిగా నడిపిస్తూ అరకిలోమీటరు దూరం వచ్చాడు, అతని డ్యూటీకి ఆలస్యమవుతుందని నాకే ఫికర్. చివరికి మామ మీద కోపం వచ్చింది అనుకుని, ఇంట్లో సర్దుకుపోవాలని బోధించి వెళ్ళిపోయాడు.

కాలనీలు దాటాక ఒక ఊరు వచ్చింది. ఒక ఇంటి ముందు కొత్త ట్రాక్టరు, దండలు, పసుపు, నిమ్మకాయలు. అప్పుడే కొబ్బరికాయ కొట్టి బండి కదిలించబోతున్నారు. ఎదురుగా నేను వచ్చాను. నా మెడ చూశారు. ట్రాక్టరు మీది మనిషి ఇంజను బంద్ చేసి దిగి ఇంట్లోకి పోయాడు. ఇంటామె నన్ను తిట్టలేదు, చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చి, జల్ది తాగి జల్ది దాటిపొమ్మని చేతితో సైగ చేసింది.

మా దగ్గర ఇలా ఉండదు. భర్త పోయిన ఆడవాళ్ళు టిఫిను డబ్బా పట్టుకుని పొద్దున ఆరింటికి రోడ్డు మీద ఎదురొస్తారు, వాళ్ళను చూసి ఎవడైనా డ్యూటీ మానేస్తే వాడి మస్టరే, అంటే ఆ రోజు హాజరే, పోతుంది. పది కిలోమీటర్లు నడిస్తే ఆచారం మారిపోయింది. నీళ్ళు మాత్రం చల్లగా ఉన్నాయి, తాగాను. నిదానంగానే తాగాను.

మధ్యాహ్నానికి కమాన్‌పూర్ దరిదాపుల్లో ఒక చెట్టు కింద కూర్చుని సర్వపిండి తిన్నాను. మక్కకంకి ఇరవై రూపాయలంటే కాల్చిందొకటి కొన్నాను. మా చౌరస్తాలోనూ ఇరవయ్యే, కానీ ఇక్కడి కంకిలో గింజలు పక్కపక్కన లేవు, పళ్ళూడిన నోరులా ఉంది. అమ్మేవాడు పైసలు తీసుకుంటూ బస్సు ఫ్రీ కదా అన్నాడు.

సాయంత్రానికి సెంటినరీ కాలనీ చేరాను. అక్కడ మా అమ్మ చెల్లెలి క్వార్టరు ఉంది. చిన్నమ్మ నా కాళ్ళు చూసి వేడినీళ్ళు పెట్టింది, మా మామను తిట్టింది, పొద్దున్నే బస్సెక్కి ఇంటికి పొమ్మంది. మూడూ ఒకే నోటితో, ఒకే ఊపిరిలో.

లేని ఊరి మీదుగా

రెండో రోజు రామగిరి ఖిల్లా గుట్ట కనిపిస్తూ ఉంటే హుషారుగానే నడిచాను. రోడ్డు పక్క చాయ్ హోటల్లో ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. ఆయనా రిటైరైన మనిషే, పేరు అడగలేదు, కాకా అన్నాను. మంథనికి ఎంత దూరమని అడిగాను. అడిగినందుకు ఇప్పటికీ నా చెంపలు నేనే వాయించుకుంటున్నాను.

"రోడ్డు పట్టుకొని పోతె ఎప్పుడు చేరుతవ్ బిడ్డా," అన్నాడు కాక. "మా ఊరి మీదికెల్లి పో. ఈ బాట పట్టుకొని పోతె బడి వస్తది. బడి ఎనుక మా కులపోళ్ళ ఇండ్లు. బొడ్రాయి దాటి కుడిచేతికి తిరుగు. ఒర్రె దాటితె మంథని రోడ్డే."

ఎంత బాగా చెప్పాడంటే, ఒర్రెలో, అంటే చిన్న వాగులో, ఏ రాయి మీద కాలు పెట్టాలో, ఏది కదులుతుందో కూడా చెప్పాడు. నేను బాట పట్టాను. గంటసేపు నడిచాను. బడి రాలేదు. బాట సన్నబడింది, తుమ్మచెట్లు వచ్చాయి, ఆ తర్వాత బాట ఆగిపోయింది. ముందర మట్టి గుట్ట. దేవుడు పెట్టిన గుట్ట కాదు, పైనుంచి తవ్వే గనిలోని మట్టినంతా తెచ్చి పోసిన గుట్ట. తల ఎత్తి చూస్తే మెడ నొప్పి పుట్టేంత ఎత్తు. దాని చుట్టూ ముళ్ళకంచె, కంచె దగ్గర సెక్యూరిటీ మనిషి.

ఊరెక్కడ అని అడిగాను. అతను నన్ను పైనుంచి కిందికి చూసి, ఆ ఊరు తవ్వి చాలా ఏండ్లైంది కదా అన్నాడు. బడి? తవ్వారు. ఒర్రె? దాన్ని అటు తిప్పారు. ఇక్కడ నిలబడొద్దు, బ్లాస్టింగు టైమవుతుంది, వెనక్కి పొమ్మన్నాడు.

వెనక్కి గంట. ఎండ నెత్తి మీదికొచ్చింది. దారి పొడవునా ఆ ముసలాయనను ఏమేం అనాలో కూర్చుకుంటూ నడిచాను. మంచి మంచి మాటలు దొరికాయి. హోటల్ దగ్గరికి వచ్చేసరికి ఆయన అదే బల్ల మీద ఉన్నాడు. నన్ను చూశాడు. నా చీర అంచుకు పట్టిన ఎర్రమట్టిని చూశాడు. చూడగానే ఆయన ముఖం ఎలా అయిందంటే, నేను తెచ్చిన మాటలన్నీ నా నోట్లోనే ఉండిపోయాయి.

"తవ్విండ్రని నాకు ఎర్కలేదా బిడ్డా," అన్నాడు. "నేనే ఆ బాయిల చేసిన. ఎవలన్న తొవ్వ అడిగితె నోట్లెకెల్లి అదే వస్తది. ఏం చెయ్యాలె?"

ఆయన నాకు చాయ్ ఇప్పించాడు, బిస్కెట్లు పెట్టించాడు. రెండు గంటలు పోగొట్టిన మనిషిని తిట్టుకోవడానికి కూడా లేకుండా చేసినందుకు ఆయన మీద ఇంకా కోపం వచ్చింది. మీరెవరైనా మా వైపు నడిస్తే ఒక మాట గుర్తుపెట్టుకోండి, బొగ్గు గనుల దగ్గర ముసలివాళ్ళను అడ్డదారి అడగకండి. వాళ్ళు చెప్పే ఊళ్ళు వాళ్ళ లోపలే ఉన్నాయి.

మంథనిలో చెప్పు

మంథని పొలిమేరలోకి వచ్చేసరికి చెప్పు పట్టీ తెగింది. కుడికాలి చెప్పు. పంక్చర్ దుకాణం ముందు తెగింది కాబట్టి బతికాను. దుకాణం చాచా సైకిల్ ట్యూబు ముక్క కోసి, దబ్బనంతో కుట్టాడు. ఎంత అంటే పది రూపాయలన్నాడు. చెప్పుకు పది, చాయ్‌కు పది. నా లెక్కలో చెప్పే చవక. కుట్టేటప్పుడు నా మడమ చూశాడు, పొక్కు పగిలి నెత్తురు పట్టి ఉంది. లోపలికి తురకంలో ఏదో కేకేశాడు. చాచీ వచ్చి నన్ను ఇంట్లోకి తీసుకుపోయింది.

వాళ్ళింట్లో పడుకున్నాను. మర్నాడు పొద్దున ఖిచిడీ, ఖట్టా పెట్టారు. మనం పొద్దున అన్నం తింటే ఇంట్లో పెద్దవాళ్ళు అదేంటని అడుగుతారు, వాళ్ళకు పొద్దున అదే అసలు తిండి. చింతపండు పులుసులో నువ్వులు నూరి కలిపారు, మన పచ్చిపులుసుకు అక్కలాంటిది. రెండుసార్లు అడిగి పోయించుకున్నాను.

చాచీ నా సంగతంతా విని బస్సు ఫ్రీ కదా అనలేదు. దారిలో ఆ మాట అనని మొదటి మనిషి. ఆమె వేరేది అడిగింది.

"మా దాంట్ల మొగుడు సచ్చిపోతె నాలుగు నెలల పది దినాలు ఇంట్లకెల్లి ఎల్లొద్దు," అంది. "అవి గడిస్తె అయిపోయింది. ఎవ్వరు అడగరు. మీ దాంట్ల ఎన్ని దినాలమ్మా?"

నేను వేళ్ళ మీద లెక్కపెట్టబోయి ఆగిపోయాను. మాకు పదకొండో రోజు ఉంది, నెల మాసికం ఉంది, సంవత్సరీకం ఉంది. అన్నీ పోయిన మనిషికి. నాకు ఎన్ని రోజులో ఎవరూ చెప్పలేదు. లెక్క పెట్టనిది ఎప్పుడు అయిపోవాలి? నాకు తెలియదన్నాను. చాచీ పసుపు నూనెతో నా మడమకు గుడ్డ కట్టి, అయితే నడువు అంది.

కాటారం తోవలో సంచి ఎక్కిన బస్సు

మూడో రోజు అంతా పత్తి చేన్లు. రోడ్డుకు రెండు వైపులా తెల్లగా ఉంది, నడుముకు గుడ్డలు కట్టుకుని ఆడవాళ్ళు ఏరుతున్నారు. కూలి ఎంతని అడిగితే కిలోకు ఇంత అని చెప్పారు. ఎండలో వంగి ఏరితే ఎన్ని కిలోలవుతాయో అని నాలో నేను లెక్కేసుకుని, బాయే నయమనుకున్నాను.

ఒకచోట పని అయిపోయినవాళ్ళు పది మంది రోడ్డు మీద బస్సు కోసం నిలబడ్డారు. నేను దాటిపోతుంటే బస్సు వచ్చి ఆగింది. మునుపు చెయ్యి ఎత్తినా ఆగని బస్సులు, నేను నడుస్తున్న నాలుగు రోజులూ నా పక్కన ఆగని బస్సు లేదు. ఆ పది మంది ఎక్కుతూ ఎక్కుతూ, పాపం అలిసిపోయిందని నా చేతిలోని సంచి లాక్కుని లోపల పెట్టుకున్నారు. నేను వద్దు వద్దంటుంటే బస్సు కదిలింది. సంచిలో ఆధార్ ఉంది, బట్టలున్నాయి, బయలుదేరేటప్పుడు మామ నా చేతిలో పెట్టిన అయిదు వందలున్నాయి. ఏం చేస్తాను? పరుగెత్తి ఎక్కాను.

ఎక్కగానే కండక్టరమ్మ ఆధార్ చూపమంది, సున్నా రూపాయల టికెట్టు కొట్టి చేతిలో పెట్టింది. నేను దిగుతాను ఆపమన్నాను. వచ్చే స్టాపు దాకా ఆపనంది. నేను అరిచాను. ఆడవాళ్ళంతా నాకు బస్సు పడదేమో, వాంతి వస్తుందేమో అనుకుని కిటికీ పక్క సీటు ఇచ్చారు, ఒకామె నిమ్మకాయ ఇచ్చింది. రెండు కిలోమీటర్ల తర్వాత ఆపారు.

దిగి, నిమ్మకాయ చేతిలో పట్టుకుని, ఆ రెండు కిలోమీటర్లు వెనక్కి నడిచాను. ఎక్కినచోట రోడ్డు మీద పత్తి రాలి ఉంది, అదే గుర్తు. అక్కడ నిలబడి, మళ్ళీ కాటారం వైపు తిరిగి నడిచాను. పొలాల్లో మిగిలినవాళ్ళు నన్ను మూడుసార్లు చూశారు. పోతూ, వెనక్కి వస్తూ, మళ్ళీ పోతూ. మూడోసారి ఎవరూ ఏమీ అడగలేదు. మతి చలించిందని ఖాయం చేసుకున్నారు.

కాటారంలో ఒక మెస్ ఉంది, నడిపేది ఒక అక్క. అన్నం, పప్పు, వంకాయ, తొంభై రూపాయలు. తింటున్నంతసేపు ఆమె నా ఎదురుగా కూర్చుని నన్నే చూసింది. వయసులో ఉన్న మనిషి, మెడలో ఏమీ లేదు, చేతిలో సంచి, పోయేది గోదావరి వైపు. ఆమె లెక్క ఆమె కట్టేసింది. నా చెయ్యి పట్టుకుని, బతుకు చాలా ఉంది చెల్లె, నీళ్ళలో పడితే ఏమొస్తుంది అంది.

"అక్కా, గోదారి మా ఇంటి ఎనుకనే ఉన్నది," అన్నాను. "గోదాట్ల పడేటిదాన్నయితె గింత దూరం నడిచొస్తనా?"

నమ్మలేదు. నా ఫోన్ తీసుకుని మామకు చేసింది. అవతల మామ ఏమన్నాడో నాకు వినపడలేదు గానీ, ఆమె ముఖంలో భయం పోయి నవ్వొచ్చింది. ఫోన్ పెట్టేసి, మీ మామ నీకంటే మొండి అంది. ఆ రోజు తన ఇంట్లోనే పడుకోబెట్టింది, తలుపుకు లోపలి నుంచి తాళం వేసి. నమ్మకం అంతవరకే.

మహదేవపూర్

నాలుగో రోజు అడవి. కాటారం దాటాక రోడ్డు మీద నేను, ఇసుక లారీలు. లారీ పోయిన ప్రతిసారి నోట్లో ఇసుక కరకరలాడింది. మడమ కట్టు తడిసింది, చీము వాసన వచ్చింది. ఒళ్ళు వెచ్చబడింది. ఆ రోజు గురించి చెప్పడానికి నాకు మనుషులు లేరు, తిండి లేదు. ఒక కాలు ముందు పెట్టడం, రెండోది ఈడ్చడం. అంతే.

మహదేవపూర్ చేరేసరికి మధ్యాహ్నం దాటింది. అక్కడ అడవి పట్టుపురుగుల పట్టు నేస్తారు, చూడాలని బయలుదేరేటప్పుడు అనుకున్నాను. చూడలేదు. దవాఖానా అడిగాను. నర్సమ్మ పొక్కు కోసి కడిగింది, సూది వేసింది, ఇంకొక్క అడుగు నడిస్తే పుండు లోపలికి పోతుందని, కాలు కింద పెట్టొద్దని చెప్పింది. సరేనని బయటికొచ్చి కాళేశ్వరం రోడ్డు పట్టాను.

ఊరు దాటేదాకా పోయాను. కల్వర్టు ఒకటి వచ్చింది, దాని గోడ మీద కూర్చున్నాను. లేవాలనుకున్నాను. లేవలేకపోయాను. ఇంకా ఒక పూట నడక ఉందంతే. ఆ ఒక్క పూట నా కాళ్ళలో లేదు. కాళేశ్వరం పోయే బస్సు వచ్చింది. నా కోసం ఆగింది. డ్రైవరు తల బయటపెట్టి ఎక్కమ్మా, ఫ్రీ అన్నాడు. అది ఎక్కి పోయి, నదిలో కాళ్ళు పెట్టి, నడిచే వచ్చానని చెప్తే ఎవడు చూడొచ్చాడు? ఆ ఆలోచన వచ్చింది, రాలేదని చెప్పను. డ్రైవరు రెండుసార్లు హారన్ కొట్టి పోయాడు.

మామకు ఫోన్ చేశాను.

"మామా, నాతోని గాలే. మహదేవపూర్ కాడ కూసున్న. నెల పైసలకే సంతకం పెడత."

"ఆన్నే కూసో," అని మామ ఫోన్ పెట్టేశాడు.

తిరుగు బస్సు

మామ వచ్చేసరికి పొద్దు వాలుతోంది, చూపు ఆనేంత వెలుతురు ఇంకా ఉంది. నా చెప్పులు తాను పట్టుకుని, నన్ను భుజం మీద ఆనించుకుని బస్సెక్కించాడు. నాకు సున్నా టికెట్టు, ఆయనకు పైసలు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మామ కాళేశ్వరం ఒకేసారి పోయాడు, పుష్కరాలకు, డీసీఎం వ్యానులో. పడుకుని పోయి పడుకుని వచ్చాడు. ఆ రోజు వచ్చేటప్పుడు కూడా కండక్టరును ఎంతసేపు, ఎంతసేపు అని సతాయిస్తూ వచ్చాడే గానీ కిటికీ బయటికి చూడలేదట. తిరుగు ప్రయాణంలో నా పక్కన కూర్చుని చూశాడు.

అడవి వచ్చింది. ఇది నడిచినవా అన్నాడు. నడిచిన. అడవి ఎంతకూ అయిపోలేదు. మామ సీట్లో కదిలాడు. కాటారం వచ్చింది, పోయింది. పత్తిచేన్లలో ఇక్కడ సంచి ఎక్కింది, ఇక్కడ దిగిన, ఇక్కడి నుంచి వాపస్ పోయిన అని వేలితో చూపించాను. ఎన్ని కిలోమీటర్లన్నాడు. రెండు. మామ మెడ వెనక్కి తిప్పి, ఆ రెండు కిలోమీటర్లు కనిపించకుండా పోయేదాకా చూశాడు. కండక్టరును మంథని ఇంకా రాలేదా అని అడిగాడు. మళ్ళీ అడిగాడు. డ్రైవరు నెమ్మదిగా నడుపుతున్నాడని కోప్పడ్డాడు. బస్సు బాగానే పోతోంది. ఇంకా రాలేదా, ఇంకా రాలేదా అని ఆయనే చిన్నపిల్లాడిలా విసుక్కున్నాడు.

మంథని బస్టాండులో బస్సు ఆగినప్పుడు ఆయన నా వైపు చూడకుండా ముందు సీటు కమ్మీని పట్టుకుని అన్నాడు:

"ముప్పై అయిదేండ్లు బాయిల నడిచిన. ఏ బాయి గింత పొడుగు లేదు."

బస్సు కదిలాక మళ్ళీ అన్నాడు:

"సోమారం పొద్దుగాల తయారుగుండు. ఆఫీసుకు పోదాం."

"నేను ఓడిపోయిన గద మామా."

"ఓడిపోయినవ్. ఎవలు కాదన్నరు? గమ్మున కూసో."

సోమవారం

సోమవారం మామ ఇస్త్రీ చొక్కా వేసుకుని నాకంటే ముందు తయారయ్యాడు. ఆఫీసులో కాగితం మీద నౌకరీ అన్నచోట నా చేత సంతకం పెట్టించాడు. సంతకం వంకర పోతుందేమోనని కాగితం రెండు చేతులతో అదిమి పట్టుకున్నాడు. అక్కడి నుంచి మెడికల్ పరీక్షకు. బరువు చూశారు, కళ్ళు చూశారు, ఛాతీ చూశారు. అన్నీ బాగున్నాయి. డాక్టరు చెప్పులు తియ్యమన్నాడు.

నా పాదాలు చూసి ఆయన కలం పక్కన పెట్టాడు. ఈ కాళ్ళతో పాస్ చెయ్యను, పదిహేను రోజులాగి రమ్మన్నాడు.

గుమ్మం దగ్గర నిలబడ్డ మామ లోపలికొచ్చేశాడు. నేను నడవలేనని ఏడాదిన్నరగా చెప్పిన మనిషి.

"సార్, గవి ఒక్కతే మహదేవపూర్ దాక నడిచిన కాళ్ళు సార్," అన్నాడు.

"అందుకేనయ్యా," అన్నాడు డాక్టరు. "పదిహేను దినాలు నడువనియ్యకు."

ఆ మాటను మామ పట్టుకున్నట్టు నా చిన్నప్పుడు బళ్ళో నేను ఏ మాటనూ పట్టుకోలేదు. పట్టుకుని ఉంటే నాలుగో తరగతితో ఆగేదాన్ని కాదు, ఇదంతా పక్క క్వార్టరు అమ్మాయి చేత రాయించుకునే అవసరమూ ఉండేది కాదు. ఈ రోజుకు పదకొండు రోజులు. నేను మంచం దిగితే మామ దగ్గుతాడు. నల్లా దగ్గరికి పోతే బిందె లాక్కుంటాడు. వాకిట్లో చెప్పులు లేవు, దాచిపెట్టాడు.

పోనీ ఊరుకుంటాడా అంటే అదీ లేదు. పొద్దున చాయ్ కాగానే కుర్చీ తెచ్చుకుని నా మంచం పక్కన వేసుకుంటాడు. దిగేటప్పుడు మడమ మీద బరువు వెయ్యాలంటాడు, ఎక్కేటప్పుడు వేళ్ళ మీద. బొగ్గు తొట్లను లాగే రోప్ నడుస్తుంటే పట్టాల మధ్య నిలబడొద్దు. టోపీ లైటు ముందర మనిషి కళ్ళలో కొట్టొద్దు. పైకప్పును కర్రతో తట్టి చప్పుడు వినాలి, ఖాళీగా మోగితే వెనక్కి రావాలి. నాకు పైన పని ఇస్తారో కింద ఇస్తారో ఇంకా ఎవరూ చెప్పలేదు మామా అంటే, ఎరుకుంటె మంచిదే అని మళ్ళీ మడమ దగ్గర నుంచి మొదలుపెడతాడు. నేను బాయిలో ఇంకా కాలు పెట్టలేదు. నా చెవులు మాత్రం పదకొండు షిఫ్టులు చేశాయి.